నటన నేర్చుకుంటే వస్తుందా?

బడి వార్షికోత్సవం ముగిసిన మర్నాడు ఒక తండ్రి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. హోసూరు పక్కన పల్లె. రెండెకరాల గులాబీ తోట. కొడుకు మా దగ్గరే పదో తరగతి. ముందు రోజు రాత్రి పిల్లలు వేసిన 'కన్యాశుల్కం' మొదటి అంకంలో ఆ అబ్బాయి గిరీశం. వాడు నోట్లో చుట్ట ఉన్నట్టు నటిస్తూ వెంకటేశానికి బోధ చేస్తుంటే ముందు వరుసలో కూర్చున్న ముసలివాళ్లు కూడా పొట్ట పట్టుకుని నవ్వారు. మర్నాటికి తండ్రి ముఖంలో ఆ నవ్వు లేదు.

"సార్, వాడు మద్రాసుకు పొయ్యి యాక్టింగు నేర్చుకుంటానంటాడు. మూణ్ణెల్ల కోర్సంట, లక్షా ఇరవై వేలంట. అయిపోతానే సినిమాలో వేషం గ్యారంటీ అని ఫోన్లో చెప్పినారంట. అదేమన్నా నేర్చుకుంటే వచ్చేదా సార్? పుట్టుకతో రావల్ల గదా?"

ఇలా అడిగేవాళ్లు హోసూరులోనే కాదు, బళ్లారిలో, బరంపురంలో, షోలాపూరులో, యానాంలో కూడా ఉన్నారు. సెల్‌ఫోన్ వచ్చాక ప్రతి తరగతిలోనూ ఇద్దరు ముగ్గురు నటులు తయారయ్యారు. కాబట్టి ఆ తండ్రికి ఇచ్చిన జవాబునే కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

ఆయన ఒకటే అడిగానని అనుకున్నాడు గానీ నిజానికి అవి రెండు ప్రశ్నలు. నటన నేర్పితే వచ్చేదేనా అన్నది మొదటిది. ఆ మూణ్ణెల్ల కోర్సు నిజంగా నేర్పేదేనా అన్నది రెండోది. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లే కొందరు తల్లిదండ్రులు ఉన్న ప్రతిభను తొక్కేస్తున్నారు, కొందరు ఉన్న డబ్బు పోగొట్టుకుంటున్నారు.

కండక్టరు నటుడైన దారి

మొదటి ప్రశ్నకు మన పిల్లలందరికీ తెలిసిన మనిషే జవాబు. శివాజీరావు గైక్వాడ్ 1950లో బెంగళూరులో పుట్టారు. ఇంట్లో మరాఠీ, బడిలో, వీధిలో కన్నడం. అంటే ఆయన కూడా మనలాగే భాషా అల్పసంఖ్యాక కుటుంబం బిడ్డ. సిటీ బస్సులో కండక్టరుగా చేస్తూ కన్నడ పౌరాణిక నాటకాల్లో వేషాలు కట్టారు. చప్పట్లు వచ్చాయి, స్నేహితులు మెచ్చుకున్నారు. ఆయన అంతటితో ఆగిపోలేదు. మద్రాసు వెళ్లి ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. దర్శకుడు కె. బాలచందర్ ఆయన్ను చూసింది అక్కడే. తమిళం నేర్చుకోమని సలహా ఇచ్చింది కూడా ఆయనే. 1975లో 'అపూర్వ రాగంగళ్' వచ్చింది. ఆ తర్వాతి కథ రజనీకాంత్ అనే పేరుతో అందరికీ తెలుసు.

ఈ కథలో మన పిల్లలు గమనించాల్సింది ఆయన స్టైలు కాదు. స్టేజి అనుభవం ఉన్న మనిషి కూడా శిక్షణకు వెళ్లాడు, తనది కాని భాషను పట్టుదలతో నేర్చుకున్నాడు. చిరంజీవి కూడా నరసాపురంలో డిగ్రీ పూర్తి చేశాక మద్రాసు ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, ఆ తర్వాతే 1978లో తెర మీదకు వచ్చారు. డిగ్రీ పూర్తి చేశాక అన్న మాటను తల్లిదండ్రులు కాదు, పిల్లలు గుర్తుపెట్టుకోవాలి.

ఎన్టీఆర్ ఏ కోర్సు చేశారు?

ఇక్కడ ఒక అభ్యంతరం ఎప్పుడూ వస్తుంది. ఎన్టీఆర్, ఏఎన్నార్ ఏ ఇన్‌స్టిట్యూట్‌లో చదివారు? ఎస్వీ రంగారావుకు ఎవరు పాఠం చెప్పారు?

నిజమే, వాళ్లు ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లలేదు. అలాగని శిక్షణ లేకుండానూ రాలేదు. ఎన్టీఆర్ కాలేజీ రోజుల నుంచే నాటకాలు ఆడారు. అక్కినేని కుర్రతనంలో స్టేజి మీద ఆడవేషాలు కట్టారు. అద్దం ముందు కాదు, వందల మంది ముందు నడక, చూపు, మాట దిద్దుకున్నారు. రంగారావు, అంజలీదేవి కాకినాడ నాటకరంగం నుంచి వచ్చారు. యానాం పిల్లలకు కాకినాడ పక్క ఊరే కదా.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన సురభి నాటక సమాజాన్నే చూడండి. అక్కడ పిల్లలు నడక నేర్చుకునేదే స్టేజి మీద. తాత రాజు వేషం కడితే మనవడు బాలకృష్ణుడు. తెర లాగడం, రంగు పూయడం, పద్యం ఎత్తుకోవడం, పక్కవాడు మాట మరిచిపోతే సర్దుకోవడం అన్నీ ఇంట్లోనే పాఠాలు. తంజావూరు దగ్గర మెలట్టూరులో భాగవత మేళం సంగతీ అంతే. అక్కడ ఇంట్లో తమిళం మాట్లాడే కుటుంబాల మగవాళ్లు తరతరాలుగా నరసింహ జయంతికి తెలుగులో నాటకం ఆడుతున్నారు. మెలట్టూరు వెంకటరామశాస్త్రి తెలుగులో రాసిన 'ప్రహ్లాద చరిత్రము' నేటికీ అక్కడ సజీవంగా ఉందంటే తండ్రి కొడుక్కి, గురువు శిష్యుడికి నేర్పుతూ రావడం వల్లే.

అంటే పాతతరంలో నాటక సమాజమే బడి. అప్పట్లో ఊరికో సమాజం ఉండేది. ఇప్పుడు ఆ సమాజాలు చాలాచోట్ల మూతపడ్డాయి. అప్పటి నటులకు నాటక సమాజం నేర్పినదాన్ని ఇప్పటి పిల్లలకు శిక్షణ సంస్థ నేర్పాలి.

స్టేజి అనుభవం ఉన్నవాళ్లకు కూడా శిక్షణ పనికొస్తుందనడానికి బి.వి. కారంత్ జీవితం సాక్ష్యం. చిన్నతనంలోనే గుబ్బి వీరణ్ణ నాటక కంపెనీలో చేరి పెరిగిన కన్నడిగుడు ఆయన. కంపెనీలో అంత చూశాక కూడా ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో విద్యార్థిగా చేరారు. తర్వాత ఆ సంస్థకే డైరెక్టరయ్యారు. 1989లో మైసూరులో రంగాయణను నిలబెట్టారు. మన సురభి వారితోనూ నాటకాలు చేయించారు.

బళ్లారి మన మొదటి బడి

తెలుగు నాటకం గురించి మాట్లాడితే కర్ణాటకలోని మన పిల్లలు తల వంచుకోవాల్సిన పనే లేదు. ఆంధ్ర నాటక పితామహుడని పేరొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్లారిలో సరస వినోదిని సభను నడిపారు. ఆయనకు దీటుగా కోలాచలం శ్రీనివాసరావు అదే ఊళ్లో చారిత్రక నాటకాలు రాశారు. ఈ వాతావరణంలో పెరిగినవాడే బళ్లారి రాఘవ. 1880లో పుట్టి 1946లో కన్నుమూసిన రాఘవకు ధర్మవరం వారు మేనమామ. వృత్తి వకాల్తా. తెలుగు, కన్నడం, ఇంగ్లీషు, హిందీ భాషల్లో వేషాలు కట్టారు. ఇంగ్లండు వెళ్లి బెర్నార్డ్ షాను కలిశారు.

ఆ రోజుల్లో చాలామంది నటులు పద్యం ఎత్తుకుంటే రాగం తీస్తూ, వన్స్‌మోర్ కోసం ఎదురుచూస్తూ నిలబడేవారు. పాత్ర ఏ బాధలో ఉందన్నది వెనక్కి పోయేది. రాఘవ రాగాలాపన కంటే భావానికే పెద్దపీట వేశారు. స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టారు. పుట్టుకతో వచ్చిన గొంతును నమ్ముకోవడం ఒకటి, పాత్ర ఏం కోరుతోందో ఆలోచించి చేయడం మరొకటి. ఈ రెండింటి మధ్య తేడాను ఇప్పటి శిక్షణ సంస్థలు కూడా మొదటి పాఠంగానే చెబుతాయి.

ఇంతకీ ఏం నేర్పుతారు?

శిక్షణ అంటే ఏడవడం, నవ్వడం నేర్పుతారని చాలామంది అనుకుంటారు. అది చివరిమాట. మొదలయ్యేది ఊపిరితో.

పొట్టలోంచి ఊపిరి తీసి, వాక్యం చివరిదాకా దాన్ని నిలబెట్టడం మొదటి మెట్టు. గొంతు చించుకోకుండా ఆఖరి వరుసకు మాట వినపడాలి. తర్వాత ఉచ్చారణ. ఆ తర్వాత శరీరం. కొత్తగా స్టేజి ఎక్కిన పిల్లవాడికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ప్రతి మాటకూ చెయ్యి ఊపుతాడు. శిక్షణ పొందినవాడు ఊరికే నిలబడగలడు, అది కనిపించినంత తేలిక కాదు.

ఆ పైన పరిశీలన. బస్టాండులో టీ కొట్టు మనిషి గ్లాసు ఎలా కడుగుతాడు, మగ్గం మీద కూర్చుని లేచిన నేతగాడు నడుము ఎలా పట్టుకుంటాడు, అప్పు అడగడానికి వచ్చినవాడు గుమ్మం దగ్గర ఎలా ఆగుతాడు? ఇవన్నీ చూసి రాసుకుని, చేసి చూపమంటారు. సినిమా హీరోను అనుకరించడం మాన్పించడానికి ఇదే మందు.

తర్వాత రచనను చదవడం. ఈ మాట పాత్ర ఎందుకు అంటోంది? ఎదుటివాడి నుంచి దానికి ఏం కావాలి? గిరీశం వెంకటేశానికి చెప్పే మాటలు పైకి పాఠాలు, లోపల మాత్రం తన అవసరం ఉంది. ఆ అవసరం తెలియని పిల్లవాడు మాటలు అప్పజెబుతాడు, తెలిసినవాడు వెంకటేశాన్ని బుట్టలో వేస్తాడు. రష్యన్ దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ నూరేళ్ల కిందట నటులను అడగమన్న ప్రశ్న కూడా దాదాపు ఇదే.

అన్నిటికన్నా కష్టమైనది వినడం. ఎదుటి నటుడు మాట్లాడుతుంటే తన వంతు కోసం కాచుకుని ఉండడం కాదు, నిజంగా వినడం. దీనికి తోడు సమయానికి రావడం, లైట్లు మోయడం, తనకు చిన్న వేషం వచ్చినా నొచ్చుకోకపోవడం.

కెమెరా ముందు పని మళ్లీ వేరు. నసీరుద్దీన్ షా, ఓం పురి నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో చదివాక కూడా పూణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లారు. స్టేజి మీద వందడుగుల దూరానికి కనపడాల్సిన భావం క్లోజప్‌లో రెప్ప కదిలిస్తే చాలు. సినిమాలో చివరి సీను మొదటి రోజే తీయొచ్చు. గుర్తు పెట్టిన చోటే ఆగాలి, నిన్న ఏ చేత్తో గ్లాసు పట్టుకున్నాడో ఇవాళా ఆ చేత్తోనే పట్టుకోవాలి. ఇవేవీ పుట్టుకతో రావు.

మన యాస బరువా, బలమా?

మన పిల్లలను లోలోపల కుంగదీసే మాట ఒకటుంది. ఆడిషన్‌కు వెళితే 'నీ తెలుగు తేడాగా ఉంది' అంటారు. హోసూరు పిల్లవాడి నోట తమిళం ప్రభావంతో ఒత్తక్షరాలు తేలిపోతాయి. 'భ' కాస్తా 'బ' అవుతుంది. బరంపురం, రాయగడ వైపు ఒడియా నుడి, షోలాపూరు, భివండీ వైపు మరాఠీ నుడి వినపడతాయి. ఇవి తప్పులు కావు, మనం బతికిన ఊళ్ల గుర్తులు.

ఆ యాసను చెరిపేయడం శిక్షణ పని కాదు. అవసరమైనప్పుడు పక్కన పెట్టి, అవసరమైనప్పుడు వాడుకునే అదుపు ఇవ్వడమే దాని పని. రోజూ పావుగంట గట్టిగా చదివితే ఒత్తులు కుదురుతాయి. కానీ హోసూరు రైతు పాత్ర వస్తే అదే యాస ఇంకెవరికీ దొరకని ఆస్తి. వాడుకభాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పనిచేసింది పర్లాకిమిడిలో. అది ఇప్పుడు ఒడిశాలో ఉంది. జనం మాట్లాడే మాటకు గౌరవం తెచ్చిన ఉద్యమానికి సరిహద్దు ఊరే ఇల్లు కావడం మనం మరిచిపోకూడదు.

ఇంకో లాభం కూడా ఉంది. మన పిల్లలకు రెండు మూడు భాషలు సహజంగా వస్తాయి. సినిమాలు, సీరియళ్లు ఒక భాష నుంచి మరో భాషలోకి వెళుతున్న ఈ రోజుల్లో డబ్బింగుకు రెండు భాషల నుడికారం తెలిసిన గొంతులు కావాలి. నటనలో శిక్షణ పొందిన గొంతుకు తెర మీద ముఖం కనపడకపోయినా పని దొరికే అవకాశం ఉంది. రేడియో నాటకం, బడుల్లో నాటకం నేర్పే ఉపాధ్యాయ వృత్తి కూడా ఆ దారిలోనివే.

ఎక్కడ నేర్చుకోవచ్చు?

ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా 1959లో మొదలైంది. అక్కడ మూడేళ్ల డిప్లొమా ఉంది. డిగ్రీ, నాటకాల్లో పాల్గొన్న అనుభవం, హిందీ, ఇంగ్లీషుల్లో పని నడిపే పరిచయం అడుగుతారు. సీట్లు చాలా తక్కువ. ఆ సంస్థకు బెంగళూరులోనూ కేంద్రం ఉంది, అక్కడ ఏడాది శిక్షణ ఇస్తారు. 1960లో పాత ప్రభాత్ స్టూడియో ఆవరణలో పుట్టిన పూణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో తెర నటనకు కోర్సు ఉంది. దానికీ డిగ్రీ కావాలి.

కర్ణాటకలో శివమొగ్గ జిల్లా హెగ్గోడు అనే చిన్న పల్లెలో నీనాసం ఉంది. కె.వి. సుబ్బణ్ణ పెంచిన ఈ సంస్థలో నాటక శిక్షణ 1980లో మొదలైంది. బోధన కన్నడంలో. బడిలో కన్నడం చదువుకున్న మన బళ్లారి, కోలారు పిల్లలకు అదేమీ అడ్డు కాదు. తమిళనాడు పిల్లలకు చెన్నైలో నా. ముత్తుస్వామి 1977లో ప్రారంభించిన కూత్తుప్పట్టరై పేరు తెలిసుండాలి. నటుడు పశుపతి అక్కడ తయారైనవారే. విజయ్ సేతుపతి అక్కడ లెక్కలు రాసే ఉద్యోగంలో చేరి నటులను దగ్గర నుంచి గమనించారు.

మహారాష్ట్రలో ముంబై విశ్వవిద్యాలయం, పూణే విశ్వవిద్యాలయం రెండింటిలోనూ రంగస్థల విభాగాలున్నాయి. యానాం విద్యార్థులకు పుదుచ్చేరి విశ్వవిద్యాలయంలో పీజీ స్థాయిలో నాటక కళలు చదివే వీలుంది. ఒడిశా పిల్లలకు విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం రైలెక్కితే కొన్ని గంటల దూరమే, అక్కడా రంగస్థల కళల విభాగం ఉంది. తెలుగు వాతావరణంలోనే చదవాలనుకునేవారికి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ కూడా ఉంది. అర్హతలు, వయసు, ఫీజులు ఏటా మారుతుంటాయి కాబట్టి ఆ సంస్థల ప్రకటన చూసుకునే దరఖాస్తు చేయాలి. మధ్యవర్తి మాట నమ్మొద్దు.

గ్యారంటీ అన్నారంటే వెనక్కి తిరగండి

ఇక ఆ తండ్రి రెండో ప్రశ్న. ఆ అబ్బాయి చేతే ఆ సంస్థకు ఫోన్ చేయించాను. నాలుగు ప్రశ్నలు అడగమన్నాను. పాఠం చెప్పేది ఎవరు, వాళ్లు ఎక్కడ పనిచేశారు? ఒక బ్యాచ్‌లో ఎంతమంది? రోజుకు ఎన్ని గంటలు? కోర్సు చివర పూర్తి నాటకం వేయిస్తారా? ఒక్కదానికీ సూటిగా జవాబు రాలేదు. వేషం గ్యారంటీ అన్న మాట మాత్రం మూడుసార్లు వచ్చింది.

నిజమైన శిక్షణ సంస్థ ఏదీ వేషానికి హామీ ఇవ్వదు, ఇవ్వలేదు. పాత్ర ఎవరికివ్వాలో నిర్ణయించేది దర్శకుడు. ఆడిషన్‌కు డబ్బు అడిగినా, ఫొటోలకు ఫలానా స్టూడియోకే వెళ్లాలని వేలకు వేలు వసూలు చేసినా, రసీదు ఇవ్వకపోయినా అనుమానించాల్సిందే. ఆఫీసులో కాక హోటల్ గదికి రమ్మన్నా, తల్లిదండ్రులు తోడు రాకూడదన్నా మాట్లాడకుండా తిరిగి రావాలి. ఇది ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకూ వర్తిస్తుంది.

చిన్న పిల్లలను సీరియళ్లకు, ప్రకటనలకు పంపేవాళ్లు చట్టాన్ని కూడా తెలుసుకోవాలి. కళాకారులుగా పనిచేసే పిల్లల చేత రోజుకు 5 గంటలకు మించి పని చేయించకూడదు. విరామం లేకుండా 3 గంటలకు మించకూడదు. సంపాదనలో కనీసం 20 శాతం పిల్లల పేరున బ్యాంకులో డిపాజిట్ చేయాలి. బడి చదువు ఆగకూడదు.

అలాగని మంచి సంస్థలో చదివితే జీవితం స్థిరపడుతుందనీ చెప్పలేను. శిక్షణ పొంది, ఏళ్ల తరబడి వేషం కోసం తిరిగేవాళ్లు ఎందరో ఉన్నారు. శిక్షణ అవకాశాన్ని తెచ్చివ్వదు. అవకాశం వచ్చిన రోజున చేజారనివ్వకుండా కాపాడుతుంది. అందుకే డిగ్రీ ఒక చేత్తో, నటన ఒక చేత్తో పట్టుకోమంటాను.

బడి చేయగల పని

ఇందులో మన బడుల వంతూ ఉంది. తెలుగు మాధ్యమంలో పిల్లలు తగ్గుతున్నారని, తెలుగు పీరియడ్లు కుదిస్తున్నారని ఏటా బాధపడుతూనే ఉన్నాం. పిల్లవాడు తెలుగును ఇష్టంగా నోట పలికే చోటు నాటకం. దానికి పైసా ఖర్చు లేదు.

వారానికి ఒక పీరియడ్ చాలు. పాఠంలోని ఒక పేరాను ఒకే పిల్లవాడి చేత మూడు రకాలుగా చదివించండి. ఒకసారి బతిమాలుతున్నట్టు, ఒకసారి బెదిరిస్తున్నట్టు, ఒకసారి రహస్యం చెబుతున్నట్టు. మాట ఒకటే, అర్థం ఎలా మారుతుందో పిల్లలే కనిపెడతారు. ఇంట్లో అమ్మమ్మ మాట్లాడే నాలుగు మాటలు విని, రాసుకొచ్చి, ఆమెలాగే చెప్పమనండి. పరిశీలనా వస్తుంది, పోతున్న మన ఊరి తెలుగు మాటలు నోట్‌బుక్కులోనైనా మిగులుతాయి. వార్షికోత్సవానికి సినిమా పాటకు డాన్సు బదులు కనీసం ఒక్క నాటిక పెట్టండి. ఒక్క హీరోతో కాకుండా పదిహేను మందికి పని దొరికే నాటిక అయితే ఇంకా మంచిది.

మళ్లీ ఆ తండ్రి దగ్గరికి వస్తాను. ఇంత చెప్పాక ఆయన్ను ఒకటే అడిగాను. "నీ తోటలో గులాబీ చెట్టు పుట్టుకతోనే పూస్తుంది గదా, మరి కొమ్మలెందుకు కత్తిరిస్తావు?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. "కత్తిరించకపోతే ఆకే గాని పువ్వు నిలబడదు సార్. మా నాయిన నాకు అది నేర్పేకి రెండేండ్లు పట్టింది" అన్నాడు. మూణ్ణెల్ల కోర్సుకు డబ్బు కట్టలేదు.

ఆ అబ్బాయి ఇప్పుడు డిగ్రీ రెండో ఏడాది. కాలేజీలో తమిళ నాటకాలు, సెలవుల్లో మా బడికి వచ్చి చిన్నపిల్లలతో తెలుగు నాటికలు చేయిస్తున్నాడు. డిగ్రీ అయ్యాక బెంగళూరు కేంద్రానికి దరఖాస్తు చేస్తాడట. సీటు వస్తుందో రాదో నాకు తెలియదు. కానీ పోయినవారం ఆరో తరగతి పిల్లవాడొకడు చేతులు ఊపుతూ డైలాగు అప్పజెబుతుంటే వాణ్ని ఆపి, "ముందు ఎదుటివాడి మాట వినురా, తర్వాత మాట్లాడు" అన్నాడు. ఆ మాట విని మా స్టాఫ్‌రూమ్‌లో ఇద్దరు ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.